రెప్పల సవరం

కంటిరెప్పల వెంట్రుకలకు ఒక్కొక్కటిగా కృత్రిమ వెంట్రుకలు అతికించి పొడుగు చేయటాన్ని మన వైపు పార్లర్లలో కూడా 'ఐలాష్ ఎక్స్‌టెన్షన్స్' అనే అంటున్నారు. విజయవాడలో కనిపించే ఆ బోర్డులు ఇప్పుడు గుడివాడ దాకా వచ్చాయి. తెలుగులో దీనికి పేరు లేదు గానీ పని మాత్రం మనకు కొత్తది కాదు. ఉన్న జుట్టుకు లేని జుట్టు చేర్చి పొడుగు చేసుకోవటాన్ని మన అమ్మమ్మలు సవరం అన్నారు. అందుకని దీన్ని రెప్పల సవరం అనుకుందాం. పేరంటూ ఉంటే మాట్లాడుకోవటం తేలికవుతుంది.

రెప్పల సవరం పెట్టించుకోవాలా వద్దా అన్నది స్త్రీవాద పత్రికలో చర్చించదగిన విషయమేనా అని అడిగేవాళ్ళుంటారు. పైట గురించీ, జడ గురించీ, మంగళసూత్రం గురించీ రాసినప్పుడు కూడా ఇలాగే అడిగారు. జయప్రభ 'చూపులు' రాసినప్పుడు, ఓల్గా తన 'రాజకీయ కథల్లో' సీత జడనీ, కళ్ళనీ కథావస్తువులు చేసినప్పుడు, ఒంటి మీది చిన్న చిన్న విషయాల్లోనే అధికారం కాపురం ఉంటుందని మనకు తెలిసింది. అయితే అక్కడా ఇక్కడా ఒక తేడా ఉంది. పైటని మన మీద ఎవరో వేశారు. తాళిని ఎవరో కట్టారు. రెప్పల సవరం పెట్టించుకోమని నన్నెవరూ బలవంతం చేయటం లేదు. కావాలనిపించింది నాకే.

ఎందుకనిపించిందో చెప్పాలి. నేను భామాకలాపాల మీద పరిశోధన చేశాను. సత్యభామ కళ్ళ గురించి ఏళ్ళ తరబడి చదివాను, రాశాను, పాత ఫోటోల్లో చూశాను. ఆ కళ్ళు చూడటానికి పుట్టినట్టు ఉండవు, చూపించటానికి పుట్టినట్టు ఉంటాయి. నా కళ్ళు పుస్తకాల మీద వాలి వాలి అలిసిపోయిన కళ్ళు. ముప్ఫయి అయిదు దాటాక ఆన్‌లైన్ క్లాసుల్లో తెర మీద నా మొహం నాకే రోజుకి నాలుగు గంటలు కనిపించటం మొదలయ్యాక, ఆ అలసట నాకు తెలిసింది. ఒకసారి ఆ కళ్ళు కాకుండా వేరే కళ్ళతో నిద్ర లేవాలనిపించింది. కోరిక ఇంతే. దీన్ని సిద్ధాంతంతో కడిగి తెల్లగా చేయాలని నాకు లేదు. అలాగని కోరిక కలిగింది కాబట్టి సరైనదే అని కూడా అనలేను.

సాధారణంగా ఈ ప్రశ్న మొదట నిజం - అబద్ధం అనే రూపంలో వస్తుంది. "దేవుడిచ్చిన కళ్ళకు ఏమైందమ్మా? అవి నీ రెప్పలు కావు కదా!" ఈ వాదన మా కృష్ణా జిల్లాలో నిలబడదు. రాలిన జుట్టు ఉండ చుట్టి డబ్బాలో దాచి, తగినంత కాగానే సవరం కట్టించుకున్న ఆడవాళ్ళు మా ఇళ్ళల్లో ఉన్నారు. తమ జుట్టే, కాకపోతే రాలిపోయిన జుట్టు. అది నిజమో అబద్ధమో చెప్పటం కష్టం. వీధిలో గిన్నెలవాడికి చిక్కు వెంట్రుకలు పోసి స్టీలు గిన్నె తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ జుట్టు ఇంకెవరి తల మీదికో పోయి ఉంటుంది. ఇక బందరు సంగతి. మచిలీపట్నానికి రోల్డ్‌గోల్డ్ అనేది ఒక జీవనాధారం. రాళ్ళు అతికే పని, గొలుసు లింకులు కలిపే పని చేసే ఆడవాళ్ళు ఆ ఊళ్ళో ఎందరో ఉన్నారు. బంగారం కొనలేని ఇంటి పిల్ల పెళ్ళిపీటల మీద మెరవటానికి ఆ చేతులే కారణం. దాన్ని మనం మోసం అనం. గిల్టు నగ అని అందరికీ తెలుసు, తెలిసే పెట్టుకుంటారు, తెలిసే మెచ్చుకుంటారు.

అంతకంటే పెద్ద సాక్ష్యం సత్యభామదే. కూచిపూడి భామాకలాపంలో ఆమె ప్రవేశానికి ముందు తెర మీదుగా జడ కనిపిస్తుంది. నాగరంతో, కుప్పెలతో అలంకరించిన ఆ జడ అందం కోసమే కాదనీ, అది ఒక పందెమనీ అక్కడి సంప్రదాయం చెబుతుంది. నన్ను మించి ఆడి, పాడి, వాదించి ఓడించగలవాళ్ళుంటే వచ్చి ఈ జడ కోయవచ్చు అని సవాలు. ఆ జడ వేషధారిది కాదు. కట్టుడు జడ. అయినా పరువు పణంగా పెట్టింది దానినే. ఒంటి మీద పుట్టింది మాత్రమే నిజమైతే ఆ సవాలుకు విలువే లేదు. మనిషి తన విద్యనీ, గర్వాన్నీ దేనికి ముడివేస్తే అది ఆ మనిషిదే అవుతుందని ఆ జడ చెబుతోంది. కాబట్టి రెప్పలు నకిలీవా అసలువా అన్న చర్చని ఇక్కడితో వదిలేస్తాను.

రెండో రూపం మనందరికీ బాగా పరిచయమైనది. "నా ఒళ్ళు, నా ఇష్టం." తొంభైల్లో ఈ మాట అనటానికి ధైర్యం కావలసి వచ్చింది. ఇప్పుడు అదే మాట సౌందర్య సాధనాల ప్రకటనల్లో వినిపిస్తోంది. మార్కెట్ మన నినాదాన్ని తీసుకుని మనకే అమ్మింది అని మనం చాలాసార్లు రాసుకున్నాం. అది నిజమే, కానీ అక్కడ ఆగితే ఒక ప్రమాదం ఉంది. కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ కోరిక చెల్లదని అనుకుంటాం. నాకు పుస్తకాల మీద కోరిక కూడా ఎక్కడి నుంచో వచ్చిందే. మా నాన్నకి చదువంటే ఉన్న గౌరవం నుంచి, మా కులానికీ తరగతికీ దొరికిన వీలు నుంచి వచ్చింది. దాన్ని నేను 'బయటి ప్రభావం' అని అనుమానించను. రెప్పల కోరికనే ఎందుకు అనుమానించాలి?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సెమినార్లలో మనమంతా కలిసినప్పుడు ఒక్కసారి హాలు చుట్టూ చూడండి. చేనేత చీర, పెద్ద బొట్టు, నల్లబడ్డ వెండి జుంకాలు, రంగు వేయని జుట్టు. లిప్‌స్టిక్ వేసుకొచ్చిన అమ్మాయి పత్రం చదువుతుంటే మన పెదవుల మీద వచ్చే ఆ చిన్న నవ్వు. మన సాదాతనానికి కూడా అద్దం ముందు సమయం పడుతుంది, దానికీ ఖర్చుంది, దానికీ చూసేవాళ్ళున్నారు. అది మనం ఒకరినొకరు గుర్తుపట్టటానికి వేసుకున్న వేషం. వేషం అన్నది తిట్టు కాదు. నేను వచ్చిన ప్రాంతంలో వేషం గౌరవప్రదమైన మాట. అక్కడి నుంచే నా ప్రశ్నకి కొంత జవాబు దొరికింది.

పామర్రు మీదుగా వెళితే మొవ్వ మండలంలో కూచిపూడి వస్తుంది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్ల బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళు తరతరాలుగా స్త్రీ వేషం కట్టిన ఊరు. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని ఐతిహ్యం. కరెంటు రాకముందు ఆ ఆటలు కాగడాల వెలుగులో నడిచేవి. పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని లేచేది. మొహానికి అర్దళం, కళ్ళకి కాటుక. చెవుల దాకా లాగిన ఆ కాటుక గీతలు ఎందుకంత పెద్దవంటే, ఆ ఎగిరెగిరి పడే వెలుగులో, ఎక్కడో చివర చాపేసుకు కూచున్న ముసలమ్మకి కూడా కన్ను కనపడాలి. కన్ను పెద్దది చేయటం అక్కడ అందానికి మాత్రమే కాదు, దూరానికి సంబంధించిన లెక్క.

నాట్యశాస్త్రం ముప్ఫయి ఆరు దృష్టుల గురించి చెబుతుంది. అంతేకాదు, రెప్పలకు విడిగా తొమ్మిది పనులు చెబుతుంది. తెరవటం, మూయటం, విప్పార్చటం, ముడుచుకోవటం, అదరటం వంటివి. రెప్ప వెంట్రుక ఎంత పొడుగుండాలో ఆ తొమ్మిదింటిలో ఎక్కడా లేదు. శాస్త్రకారుడికి రెప్ప ఒక క్రియ. మనకు ఇప్పుడు అది ఒక వస్తువు అయింది. కెమెరాకి జానెడు దూరంలో కదలకుండా ఉండే కంటికి పొడుగు వెంట్రుకలు కావాలి. కదిలే కంటికి కావలసింది కదలిక. ఈ రెంటి మధ్య ఎంచుకోమంటే నా మనసు ఎటు పోతుందో నాకు తెలుసు. కానీ ఇది అభిరుచి విషయం, నైతిక విషయం కాదు. నైతిక విషయం తెల్లవారాక మొదలవుతుంది.

తెల్లవారేసరికి ఆట అయిపోతుంది. వేషధారి జడ విప్పి, కొబ్బరినూనెతో కాటుక తుడిచి, పంచె కట్టుకుని ఇంటికి వెళతాడు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామగా, ఉషగా వేషం కడితే ఆడవాళ్ళు కూడా ఆడదే అని భ్రమపడ్డారని చూసినవాళ్ళు చెప్పుకుంటారు. ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. నాటకాల్లో సత్యభామ వేషానికి పేరుపడ్డ స్థానం నరసింహారావుకి అంతకుముందే, 1956లో వచ్చింది. వాళ్ళ విద్య గొప్పది. ఆ గౌరవానికి వాళ్ళు అర్హులు. నేను చూస్తున్నది ఇంకొకటి. రాత్రి ఆడదాని కళ్ళు గీసుకున్న మగవాడు పొద్దున్నే ఆ కళ్ళు తుడిచేస్తే మళ్ళీ శాస్త్రిగారో శర్మగారో అయ్యాడు. వేషం అతని పేరుకి అంటుకోలేదు. పైగా అతని పేరు పెంచింది.

అదే భామాకలాపాన్ని గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో కళావంతుల ఆడవాళ్ళు కూడా ఆడారు. దవేశ్ సోనేజీ 2012లో వచ్చిన తన పుస్తకంలో ఆ వృద్ధ కళాకారిణుల జ్ఞాపకాలు రాశాడు. సత్యభామ వాళ్ళ ఒంట్లోనూ ఉంది. కాటుక వాళ్ళూ పెట్టుకున్నారు. కానీ పొద్దున్నే వాళ్ళు కాటుక తుడుచుకున్నా ఊరు వాళ్ళ మొహం మీద ఆ కాటుకనే చూసింది. 1947లో మద్రాసు దేవదాసీ నివారణ చట్టం వచ్చింది. ఆ వృత్తిలోని దోపిడీ నుంచి బయటపడాలని ఆ చట్టాన్ని కోరుకున్నవాళ్ళు ఆ కుటుంబాల్లోనే ఉన్నారు. వాళ్ళ కోరిక న్యాయమైనది. అయితే చట్టంతో పాటు ఆటకూ వాళ్ళకూ మధ్య గోడ లేచింది. మగవాళ్ళ ఒంటి మీద అదే ఆట శాస్త్రీయ నృత్యమైంది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక మధ్యతరగతి అమ్మాయిలు పెద్ద సంఖ్యలో నేర్చుకున్నారు. ఈలోగా కూచిపూడి ఊళ్ళో, ఆ పెద్ద కుటుంబాల ఇళ్ళల్లోని ఆడవాళ్ళు చాలాకాలం గజ్జె కట్టలేదు. హర్షిత కామత్ 2019లో ప్రచురించిన పుస్తకంలో ఆ ఇళ్ళ ఆడవాళ్ళ గొంతులు వినిపిస్తాయి. ఆ ఊరు ఆడదాని కన్నుని మగవాడి మొహం మీద గీసి చూసుకుంది.

ఈ చరిత్రలో నాకు పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. వేషం వేసుకున్నదెవరు అని అందరూ అడుగుతారు. వేషం తీసేయగలిగింది ఎవరు? శర్మగారు తీసేయగలిగారు. కళావంతుల స్త్రీ తీసేయలేకపోయింది. ఇద్దరూ పెట్టుకున్నది ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి పట్టిన అదే కాటుక. స్వేచ్ఛ పెట్టుకోవటంలో ఉందో మానుకోవటంలో ఉందో అని మనం వాదించుకుంటున్నాం గానీ, దానికి కొలత వేరేచోట ఉన్నట్టుంది. పెట్టుకున్నదాన్ని తన చేత్తో తను తీసి పక్కన పెట్టి, పాత మనిషిగా బతకగలగటంలో ఉన్నట్టుంది.

ఇక్కడ తొందరపడకూడదు. తీసేయటం ఎప్పుడూ స్వేచ్ఛే అయితే, మన ఇళ్ళల్లో మొగుడు పోయిన ఆడదాని కాటుక, బొట్టు, పూలు, గాజులు తీయించిన రోజుని ఏమందాం? అది కూడా తీసేయటమే. చుట్టూ నలుగురు ఆడవాళ్ళని కూచోబెట్టి మరీ చేసిన తీసేయటం. మా తాతమ్మ తరంలో ఎందరో బోసి కళ్ళతో మిగిలిన నలభై ఏళ్ళు బతికారు. వాళ్ళ కళ్ళు సహజంగా ఉన్నాయని ఎవరైనా సంతోషించారా? ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. ట్రాన్స్‌జెండర్ స్త్రీ కాటుక పెట్టుకున్నప్పుడు ఆమె వేషం వేసుకోవటం లేదు. పుట్టినప్పటి నుంచి ఊరు ఆమెకు తొడిగిన మగవేషాన్ని తీసేస్తోంది. 2014లో సుప్రీంకోర్టు ఆమె తన లింగాన్ని తాను చెప్పుకునే హక్కుని గుర్తించింది. ఆమెకి పొడుగు రెప్పలు కావాలంటే, రాత్రికి తుడిచేసుకోగలగటమే స్వేచ్ఛ అని నేను ఉపన్యాసం ఇవ్వలేను. ఇవ్వకూడదు. కాన్సర్ మందులకి రెప్పల వెంట్రుకలు మొత్తం రాలిపోయిన మనిషికీ ఈ కొలత ఇలాగే వర్తించదు. ఆమె అద్దంలో వెతికేది వేషాన్ని కాదు, తనని.

అందుకని మాట సరిచేసుకుంటాను. వేషం తొలగేదిగా ఉండాలని కాదు. పెట్టే చెయ్యీ తీసే చెయ్యీ ఆమెవే అయి ఉండాలి. ఆ వితంతువు కాటుక తుడిచింది వేరే చేతులు. కళావంతుల స్త్రీ మొహాన చెరగని కాటుక పెట్టింది వేరే చేతులు. ఉంచుకోవటమైనా చెరుపుకోవటమైనా నా చేతి మీద ఉందా అన్నదే పరీక్ష.

ఇప్పుడు ఈ పరీక్షకి రెప్పల సవరాన్ని నిలబెడదాం. మా పిన్ని కూతురు విజయవాడలో ఈ పని నేర్చుకుని గుడివాడలో చిన్న పార్లర్ పెట్టుకుంది. ఒక గది, ఒక బల్ల, ఒక దీపం. "అక్కా, నీ కళ్ళు బానే ఉంటయ్, రెప్పలే పల్చన. ఒక్కసారి నా చేత చేయించుకో, డబ్బులొద్దులే" అంది. దాని దగ్గర కూచుని పనంతా వివరంగా అడిగి తెలుసుకున్నాను. పైరెప్పకి సుమారు వంద వెంట్రుకలుంటాయి, కొందరికి ఇంకా ఎక్కువ. పట్టకారుతో ఒక్కో వెంట్రుకని విడదీసి దానికి ఒక కృత్రిమ వెంట్రుక అతికిస్తారు. మింక్ అన్నా, సిల్క్ అన్నా ఎక్కువగా వాడేది ప్లాస్టిక్ పోగు. పళ్ళు తోముకునే బ్రష్షుల కుచ్చులకి వాడే పాలిబ్యూటిలీన్ టెరెఫ్తలేట్ అనేదే. జిగురు సయనోఅక్రిలేట్. మనింట్లో విరిగిన బొమ్మలకి వాడే ఫెవిక్విక్ కుటుంబం. అదే కుటుంబంలోని వేరే రకాలని డాక్టర్లు గాయాలు అతకటానికీ వాడతారు కాబట్టి పేరు విని హడలిపోనక్కర్లేదు. కానీ కొందరికి ఆ జిగురు పడదు. రెప్పలు వాస్తాయి, కళ్ళు ఎర్రబడతాయి. ఒక్కసారి పడకపోతే తర్వాత ఎప్పుడూ పడకపోవచ్చు. రెప్ప వెంట్రుక మామూలుగానే కొన్ని నెలలకి రాలిపోయి కొత్తది వస్తుంది. రాలేటప్పుడు అతికించినదాన్ని కూడా తీసుకుని రాలుతుంది. అందుకే రెండు మూడు వారాలకొకసారి మళ్ళీ వెళ్ళి ఖాళీలు నింపించుకోవాలి. సొంతంగా పీక్కుంటే అసలు వెంట్రుక కూడా ఊడుతుంది. తీయాలన్నా ద్రావకం వేసి వాళ్ళే తీయాలి.

తర్వాత జాగ్రత్తలు చెప్పింది. మొదటి రోజు తడి తగలకూడదు. నూనె తగలకూడదు. కాటుక వద్దు. కళ్ళు నలుపుకోవద్దు. బోర్లా పడుకోవద్దు. వింటుంటే నాకు నవ్వొచ్చింది. ఇదంతా పెద్దమనిషైనప్పుడు మా అమ్మ చెప్పిన జాబితాలాగే ఉంది. "ఏడిస్తే?" అని అడిగాను. "మొదటి రోజు ఏడవకుండా ఉంటే మంచిదక్కా" అంది చాలా సీరియస్‌గా. విరహంతో కాటుక చెరిగేలా ఏడ్చే సత్యభామ నాకు గుర్తొచ్చింది. ఏడుపుని వాయిదా వేయమనే అలంకారాన్ని ఆమె ఒప్పుకునేదా?

శరీరశాస్త్రం కూడా ఒక చిన్న మాట చెబుతోంది. అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల క్షీరదాల రెప్పల్ని పరిశీలించి 2015లో ప్రచురించిన ఫలితం ప్రకారం, రెప్ప వెంట్రుక పొడుగు కన్ను వెడల్పులో సుమారు మూడో వంతు ఉంటుంది. ఆ పొడుగులో ఉంటేనే అది గాలినీ ధూళినీ కంటికి దూరంగా మళ్ళిస్తుంది. అంతకు మించితే గాలిని కంట్లోకే మళ్ళిస్తుంది, కన్ను తొందరగా ఆరిపోతుంది. నూర్పిళ్ళ కాలంలో మా వైపు దుమ్ము తెలిసినవాళ్ళకి ఈ మూడో వంతు విలువ తెలుస్తుంది. అయినా నేను దీన్ని ప్రకృతి తీర్పుగా వాడను. ప్రకృతి పేరు చెప్పి ఆడవాళ్ళకి ఇచ్చిన తీర్పులు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఇది ధర ఎంతో తెలుసుకోవటం మాత్రమే.

పరీక్ష ఫలితం ఇలా వచ్చింది. ఈ సవరం పెట్టే చెయ్యి నాది కాదు, అది పర్లేదు, జడ కూడా నాకు అమ్మే వేసేది. తీసే చెయ్యి కూడా నాది కాదు. మూడు వారాల పాటు నేను నిద్రలో, స్నానంలో, జ్వరంలో, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వేషంలోనే ఉంటాను. "నిద్ర లేచేసరికే రెడీ అయి ఉంటారు" అని బోర్డు మీద రాసి ఉంటుంది. నేను మొదట కోరుకున్నదీ అదే. ఇప్పుడు ఆ మాటే నన్ను ఆపుతోంది. ఎవరి కోసం రెడీ? తెల్లవారుజామున, ఇంకా ఎవరూ చూడని వేళ కూడా చూడబడటానికి సిద్ధంగా ఉండటం అంటే, చూసేవాడిని నా రెప్పల మీదే కాపురం పెట్టించుకోవటం. కూచిపూడి మగవాళ్ళకి ఆ తెల్లవారుజాము సెలవు దొరికింది. నాకు ఆ సెలవు కావాలి.

కాబట్టి నేను పెట్టించుకోవటం లేదు. ఎప్పుడైనా కోరిక గట్టిగా పుడితే, సాయంత్రం అతికించుకుని రాత్రికి ఊడదీసే పట్టీ రెప్పలు ఉన్నాయి. అవి నాకు సరిపోతాయి. ఇది నా ఒక్కదాని నిర్ణయం. అతికించుకున్నవాళ్ళు బానిసలనీ, నేను విముక్తురాలిననీ కాదు. వారం పొడుగునా కాటుక పెట్టుకునే తీరిక లేక, ఒకసారి చేయించుకుంటే పని తీరుతుందని వచ్చే నర్సుకీ, కౌంటర్ వెనక నిలబడాల్సిన అమ్మాయికీ నా తెల్లవారుజాము సెలవు విలాసంగా కనిపించవచ్చు. వాళ్ళ మొహం వాళ్ళ ఉద్యోగంలో భాగమైనప్పుడు ప్రశ్నించాల్సింది ఆ ఉద్యోగాన్ని, ఆ రెప్పల్ని కాదు.

ఇక్కడితో ముగిస్తే మా చెల్లెలికి అన్యాయం జరుగుతుంది. నేను కాదన్న ప్రతిసారీ దాని సంపాదనలో ఒక పూట తగ్గుతుంది. బ్యూటీపార్లర్ వద్దు అని రాసే మనలాంటి వాళ్ళకి నెల జీతాలున్నాయి. పెద్దగా చదువు అబ్బని, ఇల్లు కదలనివ్వని ఆడపిల్ల మగవాడి జోలి లేకుండా నాలుగు డబ్బులు సంపాదించుకునే చోట్లలో అది ఒకటి. మగవాడు అడుగుపెట్టని గది. ఈ పరిశ్రమలో చేతులన్నీ దాదాపు ఆడవాళ్ళవే. ఇండొనేషియాలో పుర్బలింగ్గా అనే ఊళ్ళో పట్టీ రెప్పలు చేత్తో ముడివేసేది ఎక్కువగా ఆడవాళ్ళే, చాలా తక్కువ కూలికి. నేను సాయంత్రం పెట్టుకుని రాత్రి తీసేస్తానన్న ఆ రెప్పలు కూడా ఎవరో ఒక స్త్రీ చూపుని తినే తయారవుతాయి. నా నిర్ణయం ఆ లెక్కని మాఫీ చేయదు. బందరు రోల్డ్‌గోల్డ్‌కీ అదే లెక్క. అలంకారం గురించి మాట్లాడినప్పుడల్లా పెట్టుకునే మొహం గురించే మాట్లాడి, వంగిన మెడల గురించి మరిచిపోవటం మనకు అలవాటు.

"నీ కళ్ళెలా ఉంటున్నయ్యే?" అని మా చెల్లెల్ని అడిగాను. రోజంతా ఆ దీపం కింద, ఆ జిగురు ఆవిరి మీద వంగితే సాయంత్రానికి కళ్ళు మండుతాయట. దాని రెప్పలకి సవరం లేదు. "నాకెవరు పెడతారక్కా, నాది నేను పెట్టుకోలేను కదా" అంది. తర్వాత, నేను అడగకుండానే ఇంకో మాట చెప్పింది. "రెప్పల కోసం వస్తారని నువ్వనుకుంటున్నవ్ గానీ, చానా మంది నిద్ర కోసం వస్తారక్కా. రెండు గంటలు కళ్ళు మూసుకుని కదలకుండా పడుకోవాలి కదా. ఫోను పట్టుకోటానికి లేదు, పిల్లోడు పిలిచినా లేవటానికి లేదు. పడుకున్న పది నిముషాలకే గురక పెడతారు. ఇంట్లో ఎవరైనా అంతసేపు పడుకోనిస్తారా?"

నేను రెప్పల పొడుగు గురించి ఇంత ఆలోచించాను. ఆ ఆడవాళ్ళు కొనుక్కుంటున్నది రెప్పలు మూసుకునే హక్కు. నాట్యశాస్త్రం చెప్పిన తొమ్మిది పనుల్లో మూయటం కూడా ఒకటి. చూపించే కన్ను గురించీ, చూసే కన్ను గురించీ మనం ముప్ఫయి ఏళ్ళుగా రాస్తున్నాం. ఎవరి కోసమూ తెరవనక్కర్లేని కన్ను గురించి ఎవరైనా రాయాలి. దాని ధర గుడివాడలో ఇప్పటికి మూడు వేలు, రెప్పలు ఉచితం.